45 క్రోమోజోమ్‌లు, ఆరోగ్యంగా ఉన్న మనిషి, నిలవని గర్భాలు: ఒక 13;14 కేసు

ఆవిడకి 29 ఏళ్లు, భర్తకి 32. మూడుసార్లు గర్భం వచ్చింది, మూడుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఇద్దరికీ వేరే జబ్బేమీ లేదు, మందులేవీ వాడట్లేదు, దగ్గర సంబంధం కూడా కాదు. మా దగ్గరికి వచ్చేసరికే ఫైలు లావుగా ఉంది, థైరాయిడ్, షుగర్, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భసంచి స్కాన్, అన్నీ నార్మల్. మొదటిసారి పోయినప్పుడు టిష్యూకి కారియోటైప్ (కణంలోని క్రోమోజోమ్‌లని లెక్కపెట్టి, ఆకారం చూసే పరీక్ష) చేస్తే 46, ఎక్స్ఎక్స్, నార్మల్ ఆడ అని రిపోర్ట్ ఉంది, రెండోసారి ఏ టెస్టూ చెయ్యలేదు, మూడోసారి టిష్యూని మైక్రోఅర్రేకి పంపితే 14వ క్రోమోజోమ్ మూడు కాపీలు, అంటే ట్రైసమీ 14 అని వచ్చింది. దాంతో భార్యాభర్తలిద్దరి రక్తం కూడా అదే అర్రేకి పంపారు, ఇద్దరిదీ నార్మల్ అని రావడంతో ఇది అనుకోకుండా జరిగేదే, మళ్లీ ప్రయత్నించండి అని చెప్పారట.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మైక్రోఅర్రే మంచి టెస్టే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, కానీ అది చూసేది డీఎన్ఏ ఎంతుంది అని మాత్రమే. ఎక్కడుంది, దేనికి అతుక్కుని ఉంది అనేది దానికి కనపడదు. 14వ క్రోమోజోమ్ విడిగా ఉన్నా, ఇంకో క్రోమోజోమ్‌కి అతుక్కుని ఉన్నా అర్రేకి రెండూ ఒకటే. అందుకని వరసగా గర్భాలు పోతున్న జంటకి తల్లిదండ్రుల అర్రే నార్మల్ వచ్చిందంటే అసలు ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదనే లెక్క. వాళ్లకి కావాల్సింది పాత పద్ధతిలో, మైక్రోస్కోప్ కింద క్రోమోజోమ్‌లని కళ్లతో చూసే కారియోటైప్.

దానికంటే ముందు నేను కుటుంబ చరిత్ర అడుగుతాను, ఎంత టైమ్ పట్టినా సరే. ఆవిడ పక్కనే వాళ్లమ్మ కూర్చుని ఉన్నారు. మీకు ఎంతమంది పిల్లలమ్మా, మధ్యలో ఏమైనా పోయాయా అని అడిగితే, కాసేపు ఆలోచించి, ఇద్దరు పిల్లలు, ఈ అమ్మాయికి ముందు ఒకటి, తర్వాత ఒకటి రెండో నెలలోనే పోయాయని చెప్పారు. ఆ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదట. పేషెంట్ తమ్ముడికి పెళ్లయి మూడేళ్లు, ఇంకా పిల్లల్లేరు, వీర్యపరీక్షలో కౌంట్ బాగా తక్కువొచ్చిందని ఈమధ్యే తెలిసిందట. ఈ మూడు విషయాలు మూడు వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి, మూడు వేర్వేరు సమస్యలుగా ట్రీట్ చేస్తున్నారు. నాకు మాత్రం కాగితం మీద వంశవృక్షం గీసుకున్నాక మూడూ ఒకే గీత మీద ఉన్నట్టు అనిపించింది, అదీకాక ట్రైసమీలో వచ్చింది 14, అది ఆక్రోసెంట్రిక్ గుంపులోది.

ఆక్రోసెంట్రిక్ అంటే సెంట్రోమియర్ (కణ విభజనలో క్రోమోజోమ్‌ని పట్టుకుని లాగే చోటు) దాదాపు ఒక చివర ఉండే క్రోమోజోమ్‌లు. మనిషిలో 13, 14, 15, 21, 22, ఈ ఐదు జతలూ అలాంటివే. వీటికి ఒక చెయ్యి పొడుగ్గా, ఇంకోటి మరీ పొట్టిగా ఉంటుంది. ఆ పొట్టి చేతుల్లో ఉండేవి ప్రధానంగా రైబోజోమ్ ఆర్ఎన్ఏ జీన్‌లు, అవి పదింటి మీదా పరుచుకుని ఉంటాయి కాబట్టి రెండు పోయినా మిగతా ఎనిమిదితో పని జరిగిపోతుంది. ఈ పొట్టి చేతులన్నీ న్యూక్లియోలస్ (న్యూక్లియస్‌లో రైబోజోమ్‌లు తయారయ్యే చోటు) చుట్టూ పక్కపక్కనే చేరతాయి, వాటి సీక్వెన్స్ కూడా ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటుంది, అందుకే అప్పుడప్పుడు రెండు ఆక్రోసెంట్రిక్‌లు పొట్టి చేతులు పోగొట్టుకుని పొడుగు చేతులతో అతుక్కుపోతాయి. దీన్ని రాబర్ట్‌సోనియన్ ట్రాన్స్‌లొకేషన్ అంటారు, 1916లో రాబర్ట్‌సన్ మిడతల్లో వర్ణించాడు కాబట్టి ఆ పేరు. జనాభాలో దాదాపు వెయ్యిమందికి ఒకరిలో ఉంటుంది, అందులో ముప్పాతిక వంతు 13, 14 అతుక్కున్నవే.

ఇద్దరి దగ్గరా హెపారిన్ ట్యూబ్‌లో రక్తం తీసుకున్నాం. మామూలుగా రక్తంలో తిరిగే తెల్లకణాలు విభజన చెందవు, వాటిని ఫైటోహీమాగ్లుటినిన్ వేసి లేపాలి, మూడు రోజులు కల్చర్‌లో పెంచి, చివర్లో కాల్సెమిడ్ వేసి స్పిండిల్ (క్రోమోజోమ్‌లని రెండువైపులా లాగే దారాలు) తయారవకుండా ఆపితే కణాలు మెటాఫేజ్‌లో, అంటే క్రోమోజోమ్‌లు బాగా కనపడే దశలో నిలబడిపోతాయి. తర్వాత పలుచని పొటాషియం క్లోరైడ్‌లో కణాలు ఉబ్బాలి, మిథనాల్ ఎసిటిక్ యాసిడ్ మిశ్రమంలో ఫిక్స్ చెయ్యాలి, స్లైడ్ మీద చుక్క వెయ్యాలి, ట్రిప్సిన్ పెట్టి గీమ్సా రంగు వెయ్యాలి. ట్రిప్సిన్ కొన్ని సెకన్లు ఎక్కువైతే బ్యాండ్లు, అంటే క్రోమోజోమ్ మీది నల్ల, తెల్ల పట్టీలు చెరిగిపోతాయి, తక్కువైతే క్రోమోజోమ్ మొత్తం ఒకే ముద్దలా ఉంటుంది. ఈ పనిలో చెయ్యి కుదరడానికే కొన్నాళ్లు పడుతుంది.

భర్తది 46, ఎక్స్‌వై, మామూలే. ఆవిడ స్లైడ్‌లో మొదటి మెటాఫేజ్ లెక్కపెడితే 45 వచ్చింది. ఒక్క కణంలో 45 వస్తే ఏమీ అనుకోం, స్లైడ్ మీద పరుచుకునేటప్పుడు ఒకటి పక్కకి ఎగిరిపోయి ఉండొచ్చు. రెండోదీ 45, మూడోదీ 45, చూసిన 20 మెటాఫేజ్‌లూ 45. జతలు వేసుకుంటూ వస్తే 13 ఒకటే, 14 ఒకటే, కానీ సైజులో 3, 4 క్రోమోజోమ్‌లకి దగ్గరగా, సెంట్రోమియర్ ఇంచుమించు మధ్యలో ఉన్న పెద్దది ఒకటి అదనంగా ఉంది. దాని ఒక చెయ్యి చూస్తే నల్ల బ్యాండ్లు కింది సగంలో బరువుగా ఉన్నాయి, అది 13 పద్ధతి. రెండో చేతిలో సెంట్రోమియర్‌కి దగ్గర్లో నల్ల పట్టీ, మళ్లీ చివరకి కాస్త ముందు ఇంకో నల్ల పట్టీ, అది 14. రెండు పొడుగు చేతులూ పూర్తిగా ఉన్నాయి. అంటే సంఖ్యలో ఒకటి తక్కువ కానీ సరుకు మొత్తం ఉంది, బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ క్యారియర్ అన్నమాట.

రిజల్ట్ చెప్పిన రోజు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నే ఈ కేసు మొత్తానికి కీలకం. "మేడమ్, నా ఒంట్లో ప్రతి కణంలోనూ ఇలాగే ఉంటే మరి నాకేం కాలేదెందుకు? నాకు లేని ఇబ్బంది కడుపులో బిడ్డకెందుకు?"

ఈ ప్రశ్నకి జవాబు క్రోమోజోమ్‌ల సంఖ్యలో దొరకదు. సమజాత క్రోమోజోమ్‌లు రెండు రకాల కణ విభజనల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి, జవాబంతా అక్కడుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా కేసంతా దానంతటదే విడిపోతుంది, అందుకే కౌన్సెలింగ్‌లో నేను ఎక్కువ టైమ్ దీనికే పెడతాను.

సమజాత క్రోమోజోమ్‌లంటే ఒకే పుస్తకం తాలూకు రెండు ప్రతులు, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది, అధ్యాయాల వరస అదే, అక్కడక్కడా అక్షరాల్లో తేడాలుంటాయి. ఇప్పుడు మామూలు శరీర కణం విభజన, అంటే మైటోసిస్ తీసుకోండి. ప్రతి క్రోమోజోమ్ తన నకలు తాను తీసుకుంటుంది, ఆ రెండు సిస్టర్ క్రొమాటిడ్‌లూ కోహెసిన్ అనే ప్రోటీన్‌తో కలిసి ఉంటాయి, మెటాఫేజ్‌లో ప్రతి క్రోమోజోమ్ ఎవరి దారిన అది వచ్చి మధ్యగీత మీద నిలబడుతుంది, అనాఫేజ్‌లో సిస్టర్లు విడిపోయి అటొకటి ఇటొకటి పోతాయి. ఇందులో అమ్మ 13కి నాన్న 13తో పనే లేదు. అది న్యూక్లియస్‌లో ఏ మూలనుందో కూడా దీనికి అవసరం లేదు. (డ్రోసోఫిలా ఈగల్లో మామూలు కణాల్లో కూడా జతలు పక్కపక్కనే ఉంటాయి, మనలో అలా ఉండదు.) కాబట్టి 13, 14 అతుక్కుని ఒకటైనా మైటోసిస్‌కి పట్టదు, అది కూడా నకలు తీసుకుంటుంది, దానికీ పనిచేసే సెంట్రోమియర్ ఒకటుంది, వచ్చి నిలబడుతుంది, విడిపోతుంది. ఆవిడ ఒంట్లో చర్మం, రక్తం, కాలేయం, అన్నీ ఇలా తయారైనవే, ఎక్కడా ఒక్క జీన్ ఎక్కువ తక్కువ కాలేదు.

మా రిపోర్ట్‌లో ఉండే ఫోటో వల్ల చాలామందికి ఇక్కడ అపోహ వస్తుంది. అందులో జతలు జతలుగా బుద్ధిగా నిలబడి ఉంటాయి కదా, కణంలో కూడా అలాగే ఉంటాయనుకుంటారు. ఆ జతలు మేం స్క్రీన్ మీద పెట్టినవి. ఆవిడకి నేను అసలు మెటాఫేజ్ ఫోటో కూడా చూపించాను, చెల్లాచెదురుగా ఉంటాయి, ఒక 14 పై మూలన ఉంటే దాని జోడీని మోస్తున్న అతుకు క్రోమోజోమ్ ఎక్కడో కింద ఉంది. రక్తకణాల్లో అవి ఒకదాన్నొకటి ఎప్పుడూ వెతుక్కోలేదు. వెతుక్కోవాల్సి వచ్చేది ఒక్క చోటే, అండాశయంలో, మగవాళ్లకైతే వృషణాల్లో.

అక్కడ జరిగేది మియోసిస్. దాని ఉద్దేశం సంఖ్యని సగం చెయ్యడం, అంటే ప్రతి జత నుంచి కచ్చితంగా ఒకటి అండంలోకి వెళ్లాలి. అలా వెళ్లాలంటే ముందు ఎవరికి ఎవరు జోడీయో కణానికి తెలియాలి. దీనికి కణం చేసే పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. స్పో11 అనే ప్రోటీన్ డీఎన్ఏని కావాలనే వందలచోట్ల తెంపుతుంది. తెగిన ప్రతి కొస తనలాంటి సీక్వెన్స్ కోసం వెతుకుతుంది, అది సిస్టర్‌లో కాకుండా జోడీ క్రోమోజోమ్‌లో దొరికేలా ఏర్పాటు ఉంటుంది. అలా దొరికినచోటల్లా రెండూ దగ్గరకొస్తాయి, మధ్యలో సినాప్టోనీమల్ కాంప్లెక్స్ అనే జిప్పులాంటి నిర్మాణం వచ్చి వాటిని చివరిదాకా కలిపేస్తుంది. తెగిన చోట్లలో ఎక్కువ భాగం మామూలుగా అతుక్కుపోతాయి, కొన్ని మాత్రం క్రాసోవర్లు అవుతాయి, అంటే అమ్మవైపు ముక్క నాన్నవైపుకి, అటుది ఇటుకి మారతాయి. మనం దీన్ని వైవిధ్యం కోసం అని చదువుకుంటాం, అది నిజమే, కానీ క్లినిక్‌లో నాకు ముఖ్యమైనది దాని రెండో పని. ఆ జిప్పు ఊడిపోయాక జోడీని కలిపి ఉంచేది ఆ క్రాసోవర్ ముడులే, వాటినే కయాస్మా అంటాం, ఒక జతకి కనీసం ఒక్క ముడి ఉంటేనే స్పిండిల్ లాగినప్పుడు అటొకటి ఇటొకటి సరిగ్గా వెళ్తాయి.

ఆడవాళ్లలో ఈ జత కట్టడం మొత్తం వాళ్లు పుట్టకముందే అయిపోతుంది. ఆవిడ తన అమ్మ కడుపులో ఉన్నప్పుడే ఆవిడ అండాల్లో క్రోమోజోమ్‌లు జోడీలు వెతుక్కుని, ముడులు వేసుకుని, అక్కడ ఆగిపోయాయి. ఏ నెలలో ఏ అండం విడుదలవుతుందో అప్పుడు ఆ ఒక్కదానిలో మాత్రం మిగతా పని మొదలవుతుంది. అంటే ఆవిడ 29వ ఏట విడుదలయ్యే అండంలో ఆ ముడులు 29 ఏళ్లపైగా పట్టుకుని ఉన్నట్టే. వయసు పెరిగేకొద్దీ వాటిని పట్టి ఉంచే కోహెసిన్ తగ్గుతూ వస్తుంది, వయసుతో మామూలు ట్రైసమీలు పెరగడానికి అదొక పెద్ద కారణం. అయితే ఈ కేసులో అసలు కారణం వయసు కాదు.

ఇప్పుడు ఆవిడ అండంలో జత కట్టే సమయానికి వద్దాం. మామూలు 13 తన జోడీని వెతుక్కుంటే అది అతుకు క్రోమోజోమ్‌లో ఒక చేతిగా ఉంది. మామూలు 14 కూడా వెతుక్కుంది, దాని జోడీ అదే అతుకు క్రోమోజోమ్‌లో రెండో చెయ్యి. రెండూ నిజంగానే సరైన చోటే దొరికాయి, సీక్వెన్స్ సరిపోయింది, జిప్పు కూడా పడింది. ఫలితంగా రెండు విడి జతలకి బదులు ముగ్గురి గుంపు తయారైంది, దీన్ని ట్రైవాలెంట్ అంటారు. ఇక్కడిదాకా తప్పేమీ జరగలేదు, ఈ మాట నేను పేషెంట్లకి తప్పకుండా చెప్తాను, ఆ కణం నియమం ప్రకారమే నడిచింది. చిక్కు విడిపోయేటప్పుడు వస్తుంది. సెంట్రోమియర్లు మూడు, వెళ్లాల్సిన ధ్రువాలు రెండు.

మామూలు 13, మామూలు 14 కలిసి ఒకవైపు పోయి, అతుకుది ఒంటరిగా రెండోవైపు పోతే బాగున్నట్టే. అండంలో విడి 13, విడి 14 మిగిలితే బిడ్డకి 46, ఏ తేడా ఉండదు. అతుకుది మిగిలితే బిడ్డకి అమ్మలాగే 45, ఆ బిడ్డా ఆరోగ్యంగానే ఉంటుంది. అలా కాకుండా అతుకుదాంతో పాటు మామూలు 14 కూడా అండంలో ఉండిపోయిందనుకోండి, నాన్న నుంచి వచ్చే 14తో కలిపి మూడవుతాయి, ట్రైసమీ 14, ఇది మొదటి మూడు నెలల్లోనే పోతుంది. అతుకుది, మామూలు 13 కలిసి ఉండిపోతే ట్రైసమీ 13, ఇదీ ఎక్కువగా గర్భంలోనే పోతుంది కానీ కొన్ని పుట్టేదాకా వస్తాయి, పుట్టిన పిల్లలకి తీవ్రమైన లోపాలుంటాయి. ఇక వీటికి ఎదురు ఫలితాలు, అండంలో 13 ఒక్కటే లేదా 14 ఒక్కటే మిగలడం, అప్పుడు బిడ్డకి రెండోది నాన్న ఇచ్చిన ఒకే కాపీ ఉంటుంది. అలాంటి పిండాలు గర్భసంచిలో నాటుకోకుండానే పోతాయి, చాలాసార్లు గర్భం వచ్చిందన్న సంగతి కూడా తెలియదు. మొత్తం ఆరు రకాలు.

ఆరు రకాలనగానే భర్త వెంటనే "అంటే ఆరింట్లో రెండే మంచివా మేడమ్" అన్నాడు. చాలామంది వేసే లెక్కే ఇది, కానీ అలా ఉండదు. ట్రైవాలెంట్ స్పిండిల్ మీద నిలబడే తీరులోనే సరైన పంపకం వైపు మొగ్గు ఉంటుంది, అందుకే ఆరూ సమానంగా రావు, బ్యాలెన్స్‌డ్ రెండు రకాలే ఎక్కువ. మగ క్యారియర్ల వీర్యకణాల్లో ఈ మొగ్గు చాలా బలంగా కనపడుతుంది, ఆడవాళ్లలో అన్‌బ్యాలెన్స్‌డ్ వాటా దానికన్నా ఎక్కువ. 13;14 క్యారియర్ తల్లికి ట్రైసమీ 13తో బిడ్డ పుట్టే అవకాశం ఒక శాతం లోపే. ఆవిడ అమ్మగారికి రెండు పోయి ఇద్దరు పిల్లలు పుట్టడం ఈ లెక్కకి తగ్గట్టే ఉంది. అదే ఒకవేళ సమజాతాలే ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, అంటే 14;14 లాంటిది అయితే, నేను ఇంత ధైర్యంగా మాట్లాడేదాన్ని కాదు, అందులో అండానికి రెండూ వెళ్లాలి లేదా ఏదీ వెళ్లకూడదు, మధ్యేమార్గం లేదు.

తర్వాత పాత రిపోర్టులు మళ్లీ తీసి చూశాం. మూడోసారి టిష్యూ కొంచెం ఆ ల్యాబ్‌లో దాచి ఉంది, ఫిక్స్ చేసిన కణాలు తెప్పించుకుని బ్యాండింగ్ చేస్తే లెక్క 46 వచ్చింది. సంఖ్య మాత్రమే చూసేవాళ్లకి అది నార్మల్. కానీ అందులో ఒక అతుకు క్రోమోజోమ్, ఒక విడి 13, రెండు విడి 14లు ఉన్నాయి. అంటే 45 ఉన్న అమ్మ ఆరోగ్యంగా ఉంది, 46 ఉన్న పిండం బతకలేదు. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆవిడకి మొత్తం అర్థమైపోయింది, నేను ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాలేదు. మొదటిసారి వచ్చిన 46, ఎక్స్ఎక్స్ సంగతి వేరు. టిష్యూతో పాటు తల్లి కణాలు కలిసి అవే కల్చర్‌లో పెరగడం తరచూ జరుగుతుంది కాబట్టి ఆడ నార్మల్ అని వస్తే ముందు తల్లి కణాలేమో అని అనుమానించాలి, కానీ ఇక్కడ తల్లి కణాలైతే 45 రావాలి, అతుకుది కనపడాలి. కాబట్టి ఆ పిండం క్రోమోజోమ్‌ల పరంగా నిజంగానే బాగుండి వేరే కారణంతో పోయిందనే నేను రాశాను. ప్రతి నష్టాన్నీ ట్రాన్స్‌లొకేషన్ ఖాతాలో వేసెయ్యడం నాకిష్టం లేదు.

వాళ్లమ్మగారి రక్తం కూడా చూశాం, అదే అతుకు. "నా వల్లే వచ్చిందా అమ్మా ఇది" అని ఆవిడ అడిగారు. ఎవరికి ఏ క్రోమోజోమ్ వెళ్లాలో ఎవరూ ఎంచుకోలేరు, మీకూ మీ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండొచ్చు, లేదా మీలోనే మొదలై ఉండొచ్చు, ఇందులో తినడం, పనిచెయ్యడం, ప్రయాణాలు, ఏవీ కారణం కాదని చెప్పాను. మూడేళ్లుగా కూతురు బరువులెత్తడం వల్లే అలా అవుతోందని ఇంట్లో అంటున్నారట. అది విన్నాక నేను రిపోర్ట్ కింద ఆ మాట కూడా మామూలు భాషలో రాసి ఇచ్చాను, ఇంట్లో చూపించుకోవడానికి.

తమ్ముడి కారియోటైప్ కూడా వచ్చింది, 45, ఎక్స్‌వై, అదే 13;14. ఇక్కడే ఈ కుటుంబం నాకు పాఠ్యపుస్తకం కంటే బాగా నేర్పింది. ఒకే అతుకు క్రోమోజోమ్ అక్కలో గర్భస్రావాలుగా బయటపడింది, తమ్ముడిలో కౌంట్ తక్కువగా బయటపడింది. కారణం మియోసిస్‌లో జరిగే తనిఖీ. ట్రైవాలెంట్ పూర్తిగా జత కట్టడం కష్టం, సెంట్రోమియర్ దగ్గర కొంత భాగం జోడీ లేకుండా మిగిలిపోతుంది. మగవాళ్లలో జత కట్టని భాగాలని కణం పట్టేసి అక్కడి జీన్‌లని ఆపేస్తుంది, పైగా అలాంటి ట్రైవాలెంట్ తరచూ ఎక్స్, వై ఉండే మూలకి వెళ్లి అక్కడి పనికి అడ్డొస్తుంది, దాంతో ఆ కణాలు అక్కడే ఆగి చనిపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. ఆడవాళ్లలో ఈ తనిఖీ అంత గట్టిగా ఉండదు, తేడా ఉన్నా అండం ముందుకెళ్లిపోతుంది, ఫలితం గర్భం వచ్చాక కనపడుతుంది. మగ క్యారియర్లందరికీ కౌంట్ తగ్గుతుందని కాదు, మామూలుగా తండ్రులైనవాళ్లూ చాలామంది ఉన్నారు, కానీ కౌంట్ బాగా తక్కువున్న మగవాళ్లకి కారియోటైప్ చెయ్యకుండా ఏళ్లతరబడి మందులు వాడించడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

ఇక ఏం చెయ్యాలన్నది. ఆవిడకి దారులు కొన్ని ఉన్నాయి, మామూలుగా గర్భం తెచ్చుకుని పిండం క్రోమోజోమ్‌లు పరీక్షించుకోవడం, లేదా ఐవీఎఫ్ చేసి పిండాలని నాటేముందే పరీక్షించడం, లేదా దాత అండం. ఐవీఎఫ్‌తో పరీక్ష చేస్తే గర్భస్రావాలు తగ్గొచ్చు కానీ బిడ్డ చేతికొచ్చే అవకాశం మొత్తం మీద తప్పకుండా పెరుగుతుందని నేను మాటివ్వలేను, ఎందుకంటే సహజంగా ప్రయత్నించినా ఈ క్యారియర్లలో ఎక్కువమందికి చివరికి ఆరోగ్యంగా బిడ్డ పుడుతుంది. ఇద్దరూ ఆలోచించుకుని సహజంగానే వెళ్తామన్నారు.

తర్వాత గర్భం పదకొండో వారం దాకా బాగా సాగింది, మాయ నుంచి ముక్క తీసి పరీక్షించాం, అంటే సీవీఎస్. రిజల్ట్ 45, అమ్మలాగే అతుకుతో, బ్యాలెన్స్‌డ్. అందరూ ఊపిరి పీల్చుకున్నారు కానీ నేను ఇంకో టెస్ట్ అడిగాను, దీన్ని చాలాచోట్ల వదిలేస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. పిండం మొదట ట్రైసమీ 14గా మొదలై, తర్వాత మూడు 14లలో ఒకదాన్ని వదిలించుకుని బతికి ఉండొచ్చు. వదిలింది అమ్మ ఇచ్చిన విడి 14 అయితే ఏ గొడవా లేదు. వదిలింది నాన్న 14 అయితే బిడ్డలో ఉన్న రెండు 14లూ అమ్మవే, ఒకటి అతుకులో, ఒకటి విడిగా. సంఖ్య సరిగ్గా ఉంటుంది, బ్యాండ్లు సరిగ్గా ఉంటాయి, మా మైక్రోస్కోప్‌కి ఏ తేడా కనపడదు. కానీ 14లో కొన్ని జీన్‌లు అమ్మ నుంచి వచ్చాయా నాన్న నుంచి వచ్చాయా అన్నదాన్ని బట్టి పనిచేస్తాయి. రెండూ అమ్మవైతే టెంపుల్ సిండ్రోమ్, ఎదుగుదల తక్కువ, కండరాల బిగువు తక్కువ, ముందుగానే రజస్వల లేదా యవ్వన లక్షణాలు రావడం. రెండూ నాన్నవైతే కగామి ఓగాటా సిండ్రోమ్, ఛాతీ గంట ఆకారంలో ఇరుకుగా ఉండి ఊపిరికి కష్టమయ్యేది. 13కి ఇలాంటి ఇబ్బంది లేదు, 14కీ 15కీ ఉంది. అవకాశం ఒక శాతం లోపే, అయినా టెస్ట్ ఉన్నప్పుడు చెయ్యకుండా వదలకూడదు.

ఇక్కడ కూడా అర్రే ఒక్కటే సరిపోదు. మొదటి మియోసిస్‌లో తప్పు జరిగితే అమ్మ రెండు వేర్వేరు 14లూ వస్తాయి, ఒకే 14కి రెండు నకళ్లు కావు, కాబట్టి పిండం శాంపిల్ ఒక్కటే చూస్తే మామూలు మనిషిలాగే రెండు రకాలూ కనపడతాయి. అందుకని అమ్మ, నాన్న, పిండం, ముగ్గురి డీఎన్ఏలో 14 పొడుగునా మార్కర్లు పోల్చి చూడాలి. పోల్చాం. సమాచారం ఇచ్చిన ప్రతి మార్కర్ దగ్గరా ఒకటి అమ్మది, ఒకటి నాన్నది ఉన్నాయి. ఆ కాగితం పంపినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోలేను.

బిడ్డ నెలలు నిండి పుట్టింది, బరువు బాగుంది, ఎదుగుదల బాగుంది. పిల్లల డాక్టర్ ఫైలులో క్రోమోజోమ్ రిపోర్ట్ కాపీ పెట్టించాం, పెద్దయ్యాక పిల్లల గురించి అనుకునేముందు కౌన్సెలింగ్‌కి రావాలని ఒక వాక్యం రాసి. ఈలోగా ఆ బిడ్డకి దీనివల్ల ఏ మందూ, ఏ జాగ్రత్తా, ఏ పరీక్షా అవసరం లేదు.

తమ్ముడి జంట ఇక్సీ (ఒక వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఐవీఎఫ్ పద్ధతి) వైపు వెళ్తున్నారు. వాళ్లకి ముందే చెప్పిన మాట ఒకటుంది, పిండాల మీద మామూలుగా చేసే పరీక్ష అన్‌బ్యాలెన్స్‌డ్ వాటిని పక్కన పెడుతుంది గానీ, 46 ఉన్న పిండానికీ 45 ఉన్న క్యారియర్ పిండానికీ తేడా చెప్పలేదు. క్యారియర్ పిండాన్ని నాటితే గర్భం నిలిచాక 14కి ఇదే మార్కర్ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి, ఈసారి క్యారియర్ నాన్న కాబట్టి చూడాల్సింది రెండు 14లూ నాన్నవేనా అని.